నాయన చేతి ముద్ద

లాక్‌డౌన్ మొదలైన నెలకు జ్వరమొచ్చిన నేతగాణ్ణి కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆటిజం ఉన్న కూతురు శశికళకు ఇరవై ఏళ్లు. తండ్రి చేతి ముద్ద తప్ప తినదు. నాలుగో రోజు తల్లి ఆయనకు ఫోన్ చేసింది.

“శశి తినిందా?”

“యాడ తింటాది? మజ్జిగ తాగుతాండాది, అంతే.”

“మగ్గం కాడ కూర్చోబెట్టి పెట్టు. నేను పెట్టేది ఆడే కదా.”

“పెట్టినా. నీ చొక్కా తొడుక్కోని మగ్గం గూడా ఆడించినా. నా చెయ్యి వాసన చూసి లేచిపోయింది. తలకాయ గోడకేసి కొట్టుకుంటాండాది.”

“ఫోను దానికియ్యి.” తల్లి ఫోను శశి చేతికిచ్చింది. “అమ్మా శశీ, ఒక్క ముద్ద తినమ్మా.”

శశి ఫోను తిప్పి వెనకవైపు చూసింది. తర్వాత దాన్ని కింద పెట్టి, పోయి వాకిట్లో నిలబడింది. తల్లి ఫోను తీసుకుంది.

“నువ్వొచ్చినావనుకోని వాకిలి కాడ నిలబడింది. నిన్నెప్పుడు పంపిస్తారంట?”

“మేయ్, నాకు ఆక్సిజన్ పెట్టినారు.”

“నిన్న జ్వరం తగ్గిందంటివే.”

ఆయన కాసేపు ఆయాసపడ్డాడు.

“ఇంక నీ చేత్తోనే అలవాటు చెయ్యి.”

“అట్లనొద్దు. నువ్వొచ్చి పెడుదువు.”

“ఏడ్చినా, కొట్టినా ఇడిసిపెట్టొద్దు. కారం తగలనీయొద్దు. ఇంటాండావా?”

“ఇంటాండా,” అంది ఆమె. “ముద్ద ఎంత చేస్తావో చెప్పు.”