అత్తయ్య కొత్త మాత్ర

మందుల షాపులో మాత్రలు సర్దుతున్న మేనకోడలి ఎదుట మామయ్య నవ్వుతూ వచ్చి నిలబడ్డాడు.

“కోడలు పిల్లా, మీ అత్త కొత్త బీపీ మాత్ర గొంతు దిగదని మొరాయించింది. మెత్తగా నూరి, అరటిపండులో దాచి పెట్టేశా. లొట్టలేసుకుంటూ తినేసింది!”

“అయ్యో! అది నూరకూడదు మామయ్యా. లోపలుండే జిగురు పదార్థం మందుని పట్టుకుని, రోజంతా కాస్త కాస్తగా వదులుతుంది. నూరితే మొత్తం ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది.”

“పోన్లే, పని తొందరగా అయిపోద్ది.”

“వేళాకోళం ఆపు! బీపీ అమాంతం పడిపోతుంది. అత్తయ్య ఎలా ఉంది?”

“కళ్లు తిరుగుతున్నాయని పడుకుంది. నాటకాలొద్దని చెప్పి వచ్చేశా.”

“ఫోన్ చెయ్యి. నేను అంబులెన్స్ పిలుస్తా.”

“ఎత్తట్లేదే... నన్ను ఆటపట్టిస్తోంది కదూ? చెప్పవే, అంతే కదూ?”