తెల్లమచ్చకి ఊరి పేరు

మంచులో చెరువు కనపడడం లేదు. రావులంక గట్టు మీద జువాలజీ మాస్టారు చచ్చిన రొయ్యను వేళ్ల మధ్య తిప్పి చూశారు. పెంకు నిండా తెల్లమచ్చలు. చెరువు యజమాని రాజుగారు మాత్రం ఇంకా హుషారుగానే ఉన్నారు.

"మీ లాటిన్లో దీన్నేమంటారండీ మాస్టారూ?"

"ఇది కొత్త రోగమండి. ఇంకా పేరు లేదు."

"మరి పేరెలా పెడతారండీ?"

"జీవులకైతే, దొరికిన ఊరి పేరుకి 'ఎన్సిస్' అని తోక తగిలిస్తారండి. ఆ ఊరిది అని అర్థం. చైనీస్, జపనీస్ అంటాం చూడండి, ఆ చివరి ముక్క దాంట్లోంచి వచ్చిందే. ఇటలీ, ఫ్రెంచి భాషల్లో కూడా ఊళ్ల పేర్లకి అదే తోక, కాస్త అరిగిందంతే."

"అయితే ఇది రావులంకెన్సిస్! పోన్లెండి, ఊరికి పేరొస్తుంది."

"నవ్వకండి రాజుగారూ. ముందు తూము మూయించండి. చుక్క నీరు బయటికి పోకూడదు."

"నీళ్లెక్కడున్నాయండీ? రోగం నీళ్లు మనకెందుకని నిన్న సాయంత్రమే కాలవలోకి వదిలేశాను."

మాస్టారి చేతిలో రొయ్య జారిపోయింది.

"ఆ కాలవ నీళ్లు కింద ఎవరు తోడుకుంటారండి?"

"అందరూనండి. సముద్రం దాకా అందరి చెరువులకీ అవే నీళ్లు. మీ తమ్ముడుగారి చెరువు కూడా అటే కదండీ?"

మంచులో ఎక్కడో కాలవ నీళ్లు తోడే ఆయిలింజను మొదలైంది. దాని వెనకే మరొకటి. ఆ వెనక ఇంకొకటి.

"రాజుగారూ, దీనికి ఒక్క ఊరి పేరు చాలదండి."