డాక్టర్ సిరిలక్ గారికి, మా అత్తయ్య వెన్నెముక తరఫున

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. ఈ కాగితం నేనే రాసుకున్నాను. బడికి వెళ్ళింది కొద్ది ఏళ్ళే కాబట్టి అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి, తప్పులు కూడా ఉంటాయి. మధ్యలో నా గొంతు ఆగిపోతే మిగతాది తాను చదువుతానని నర్సు పింగ్ అక్క మాట ఇచ్చింది. పాపం, ఆమె ఇంకా కాగితం చూడలేదు.

ఈ సభకు అధ్యక్షులైన ఆసుపత్రి పెద్ద డాక్టరు గారికి, ఎత్తు ఆసనం మీద ఉన్న మా మఠం పెద్ద గురువుగారికి, ఊరి పెద్దలకు, ఎముకల విభాగం ముందు బల్లల మీద నాతోపాటు కూర్చుని కూర్చుని స్నేహితులైపోయిన అమ్మలకు, అక్కలకు, ఈ నెలాఖరుతో ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకుంటున్న మా డాక్టరమ్మ సిరిలక్ గారికి నా నమస్కారాలు.

రోగుల తరఫున ఎవరైనా మాట్లాడాలన్నప్పుడు అందరూ మా అత్తయ్య ఖమ్‌ఫాన్ గారి వైపే చూశారు. ఆవిడేమో, "నేను మైకు పట్టుకుంటే మళ్ళీ ఎవరికీ దక్కదు. మా కోడలు మాట్లాడుతుంది. దాని గొంతెలా ఉంటుందో నేనూ మర్చిపోయాను," అన్నారు. (నవ్వులు) అందుకే నేను ఇక్కడ నిలబడి ఉన్నాను.

నేను కాపురానికొచ్చిన మొదటి ఏడాదే, మా అత్తయ్య పొయ్యి మీంచి జిగురన్నం ఉడికే వెదురు బుట్ట దించబోయి, వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. పడలేదు, ఎవరూ తోయలేదు, బుట్ట కూడా బరువైనది కాదు. ఎక్స్-రేలో రెండు వెన్నుపూసలు చదునుగా అణిగిపోయి కనిపించాయి. పెళ్ళికాకముందు నుంచి మగ్గం మీద కూర్చున్న మనిషి, గోడకు మూడు దిండ్లు పెట్టినా కూర్చోలేకపోయారు. మగ్గం మీద సగం నేసిన గుడ్డ మీద దుమ్ము పేరుకుంది, దాన్ని దులపబోతే కూడా ఒప్పుకునేవారు కాదు.

అప్పుడు డాక్టరమ్మ ఎముకను కొత్తగా కట్టే సూదిమందు రాశారు. రోజూ పొడుచుకోవాలి. మా ఆయన ప్రయూన్ అటవీశాఖలో పని చేస్తారు కాబట్టి వాళ్ళమ్మకు మందు ప్రభుత్వమిచ్చింది. పొడిచే పని మాత్రం నాకిచ్చారు. డాక్టరమ్మ నా చేయి పట్టుకుని ముందు పంపరపనస మీద పొడిపించారు. "చూశావా, ఎంత తేలికో!" అన్నారు. మా అత్తయ్య పక్క మంచం మీంచి, "అమ్మాయ్, పంపరపనస అరవదు. నేను అరుస్తాను," అన్నారు. అన్నట్టే అరిచారు కూడా. మా వీధిలో వాళ్ళు కొంతమంది ఈ సభలో ఉన్నారు, వాళ్ళనడగండి.

అలా రెండేళ్ళు గడిచాయి. నడుము నొప్పి పోయింది, మగ్గం మళ్ళీ మోగింది. ఇంతటితో సూదుల గొడవ తీరిందని మేమంతా సంబరపడుతుంటే డాక్టరమ్మ, "ఈ మందు ఇంక ఆపాలి. ఇప్పుడు వేరే మందు మొదలుపెట్టాలి," అన్నారు.

మా అత్తయ్యకు కోపమొచ్చింది. "ఎముక కట్టేశారుగా తల్లీ! కట్టిన ఇంటికి మళ్ళీ తాపీమేస్త్రీ ఎందుకు?"

డాక్టరమ్మ వాదించలేదు. "అమ్మా, మగ్గం మీంచి గుడ్డ కోశాక అంచు పోగులు ముడేయకుండా వదిలేస్తే ఏమవుతుంది?" అని అడిగారు.

"ఏమవుతుంది? నేసిందంతా ఊడొస్తుంది."

"మీ ఎముకా అంతే. ఇన్నాళ్ళూ నేశాం. ఇప్పుడు ముడెయ్యకపోతే నేసింది నేసినట్టే పోతుంది."

మా అత్తయ్య, "ఈ ముక్క సూదులు మొదలుపెట్టేముందే చెప్పాల్సింది," అని గొణిగి ఒప్పుకున్నారు. అప్పుడు వారానికొకటి వేసుకునే మాత్ర రాశారు. పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో మింగి, ఆ తర్వాత అరగంట ఏమీ తినకుండా, పడుకోకుండా, వంగకుండా నిటారుగా ఉండాలి. ఇందులో కష్టమేముంది అనుకున్నాం.

కష్టమేమిటో ఈ సభలో ఉన్న ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. వారానికోసారి వచ్చే పుణ్యదినమైతే మర్చిపోనని మా అత్తయ్య మాత్రకు మఠానికి వెళ్ళే రోజును ఎంచుకున్నారు. తెల్లవారుజామున మాత్ర మింగి, అన్నం గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడి, మఠం నుంచి గురువులు రాగానే భిక్ష వేసి, మోకాళ్ళ మీద కూర్చుని నుదురు నేలకు తాకేలా మూడుసార్లు మొక్కేవారు. ఆ తర్వాత మఠానికి వెళ్ళి బుద్ధుడి ముందు మళ్ళీ మూడుసార్లు, పెద్ద గురువుగారి ముందు మూడుసార్లు. మింగిన మాత్ర ఎటు పోవాలో తెలియక గొంతులోకే వచ్చి కూర్చునేది. గురువుగారూ, తమరు నవ్వుతున్నారు గాని ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఛాతీలో మంట మొదలైంది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, మాత్ర మానేశారు. పైకి మాత్రం బాగానే వేసుకుంటున్నానని చెప్పేవారు. నాకు అనుమానం ఉండేది. కాని కోడలు అత్తగారి మీద చాడీ ఎలా చెబుతుంది? ఆవిడ నన్ను కొట్టరు, తిట్టరు, కాని మగ్గం చప్పుడు ఆపేసి ఒక చూపు చూస్తారు. ఆ చూపు కంటే తిట్టే నయం.

తర్వాతి పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరమ్మ, "మాత్ర వేసుకుంటున్నారా?" అని అడిగారు. "వేసుకోకేం?" అన్నారు మా అత్తయ్య. డాక్టరమ్మ తల ఊపి నా వైపు తిరిగారు. చాడీ చెప్పమంటారేమో అనుకున్నాను. ఆవిడ మాత్రం మందు మాటే ఎత్తకుండా, "అమ్మాయ్, ఇప్పుడు మీ ఇంట్లో ఏం కూరలు చేస్తున్నావు?" అని అడిగారు.

నేను నిజమే చెప్పాను. "అత్తయ్య మిరపకాయ పచ్చడి మానేశారండి. జావ మాత్రమే తాగుతున్నారు."

(నవ్వులు) నవ్వండి. ఖమ్‌ఫాన్ గారు కారం మానేశారంటే ఆ రోజు వరదొచ్చినంత వార్త. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, లేచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తారో చెప్పమన్నారు. అన్నం వండటం, భిక్ష, మొక్కటం, మఠం, చివరికి ఛాతీలో మంట, అన్నీ విన్నారు. విని, కలం కింద పెట్టి, చేతులు జోడించి మా అత్తయ్యతో, "తప్పు నాది. అరగంట వంగొద్దని చెప్పానే గాని, పొద్దున్నే మీరు ఎవరి ముందు వంగుతారో అడగలేదు," అన్నారు.

అంత చదువుకున్న మనిషి చేతులు జోడించటం నేను అప్పుడే చూశాను. మా అత్తయ్య గాభరాపడి, "అయ్యో, చేతులు దించు తల్లీ! రోజు మార్చుకుంటాలే," అన్నారు. కాని భిక్ష రోజూ ఉంటుంది. తర్వాత మఠంలో పెద్ద గురువుగారు కూడా కూర్చునే చేతులు జోడించమని నచ్చజెప్పారు. ఆవిడ ఆయనకే ఎదురు చెప్పారు: "చిన్నప్పట్నుంచీ నేలకి తాకిన నుదురండీ. ఇప్పుడు గుంజలా కూర్చుని దణ్ణం పెడితే నిద్రపడుతుందా నాకు?" పైగా గొంతు పుండుపడింది కాబట్టి ఇక మాత్ర వద్దనే డాక్టరమ్మ తేల్చారు.

ఇక రెండు దారులు మిగిలాయి. ఒకటి ఆరు నెలలకోసారి చర్మం కింద వేసే సూది. అది మంచిదేగాని గడువు దాటకూడదు, దాటితే నిలబెట్టుకున్న ఎముక గబగబా కరిగి వెన్నుపూసలు మళ్ళీ అణిగిపోవచ్చు. రెండోది ఏడాదికోసారి సెలైన్‌లా నరంలోకి ఎక్కించే మందు. దానికి ముందు మూత్రపిండాలు, పళ్ళు చూడాలి, ఎక్కించాక ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు. డాక్టరమ్మ రెండూ చెప్పి, ఏది మంచిదో తాను చెప్పకుండా, "ఏది మీ ఇంట్లో ఇముడుతుంది?" అని అడిగారు.

మా ఆయన, "ఆరు నెలలదే మేలేమో, జ్వరముండదు," అన్నారు. అప్పుడు డాక్టరమ్మ నన్ను చూశారు. ఆ గదిలో నన్ను ఎవరైనా చూస్తారని నేను అనుకోలేదు. నేను నేల చూస్తూనే, "వానాకాలంలో కొండచరియ పడితే మా దారి మూసేస్తారండి. ఒక సూది ఆ నెలల్లోనే పడుతుంది," అన్నాను. మా అత్తయ్య నన్ను ఆ చూపు చూశారు. చూసి, "ఇది చెప్పిందే నిజం. ఏడాదికోసారిదే ఇయ్యండి. వానలు పోయాక మఠంలో గురువులకు కాషాయ బట్టలు సమర్పించే పండగకి నేను ఏ ఏడూ తప్పలేదు. ఆ మర్నాడే వస్తా, దీన్నీ తప్పను," అన్నారు.

తప్పలేదు. మొదటిసారి ఎక్కించిన రాత్రి జ్వరంలో డాక్టరమ్మను ఏమేం తిట్టారో ఈ సభలో చెప్పను, పెద్దలున్నారు. రెండోసారి తిట్టలేదు. పోయిన నెల పరీక్షలో వెన్నెముక బలం తగ్గలేదని తేలింది. కాగితం చూసి డాక్టరమ్మ, "ముడి నిలిచింది," అన్నారు. ఇంటికొచ్చి వాకిట్లో దిగాక మా అత్తయ్య, "ఆవిడ వెళ్ళిపోతే ఇంక నేనేం తింటున్నానో ఎవరడుగుతారే?" అన్నారు.

అందుకే ఇక్కడికొచ్చాను. డాక్టరమ్మా, మీరు మా అత్తయ్య ఎముకలు నిలబెట్టారు, దానికి మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞులం. కాని నా మాట నిలబెట్టిన సంగతి మీకు తెలుసో లేదో. ఆ రోజు తర్వాత మా ఇంట్లో ఏ విషయం వచ్చినా అత్తయ్య ముందు నా వైపు తిరిగి, "నువ్వేమంటావు?" అంటున్నారు. ఒక్కోసారి నాకేమీ తోచదు. అయినా అడుగుతారు.

(ఒక్క నిమిషం. పింగ్ అక్కా, వద్దు, నేనే చదువుతాను.)

ఇంకొక్క మాట. పోయిన నెల మీరు కుర్చీలోంచి లేస్తూ బల్ల అంచు పట్టుకుని ఆగారు. మా అత్తయ్య అది చూసి, "మరి నీ ఎముకలెప్పుడు చూపించుకున్నావు తల్లీ?" అని అడిగితే మీరు నవ్వేసి, "నాకు తీరికెక్కడమ్మా?" అన్నారు. ఈ నెలాఖరు నుంచి మీకు తీరికే. మా అత్తయ్య నన్ను ఇక్కడికి పంపింది అసలు ఈ మాట చెప్పమనే: పండగ మర్నాడు ఆవిడ మూడో మందుకు వస్తారు. మీరు తెల్ల కోటు ఇంట్లో వదిలేసి రండి. పక్కన బల్ల మీద మీకు చోటు ఉంచుతారు, మీ పరీక్ష అయ్యేదాకా ఆవిడ కదలరట. ఆ రోజు ఏం తింటున్నారో మిమ్మల్ని మేము అడుగుతాం.

అందరూ ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు. ఈ కాగితం డాక్టరమ్మకే ఇస్తున్నాను. ఇందులో మా ఇంటి సంగతులున్నాయి, ఒకసారి చూసి పొయ్యిలో వేసేయండి. సెలవు.