నడికాలవలో నిలిచిన పడవ

నీ కూతురు పెంచలమ్మకి అన్యాయం జరిగింది శార్వరి సంవత్సరం మాఘ పున్నమి నాడు, కోడూరు సముద్రం ఒడ్డున, ఊరంతా బండ్లు కట్టుకొని స్నానానికి పోయిన పొద్దున. చేసింది నువ్వు అన్నా. జయరామయ్య అనే కన్నతండ్రివి. మూడేళ్ళుగా ఈ మాట చెప్తానే ఉండాను, ఇయ్యాల ఈ రేవులో గూడా చెప్తాను. కోపం వస్తే రానీ. కోపంతోనే కూర్చో. లేవబాక!

కూర్చోమంటే! నీ కండవా కొస నా చేతిలోనే ఉండాది, చూసుకో. నువ్వు లేస్తే అది చిరగాల్సిందే గాని నేను వదలను.

పడవ ఇంకా ఒడ్డునే ఉండాది గదా, అప్పుడే ఏం తొందర? పడవోడు పోలేరయ్య గెడకర్ర పుచ్చుకొని నిలబడి ఉండాడు. పిల్ల నడిమి బల్ల మీద కూర్చోనుండాది. రెండు చేతులా బల్లని ఎట్టా పట్టుకోనుండాదో చూడు, వేళ్ళు తెల్లగా పాలిపోయినాయి. చూడు! కళ్ళు మూసుకోబాక. అది కళ్ళు తెరుచుకొని కూర్చోనుంటే నువ్వు మూసుకుంటావా?

ఏమంటివి? నువ్వూ ఎక్కి పక్కన కూర్చుంటావా? వద్దు. నేనూ కూర్చోను. నిన్నటిదాకా కూర్చున్నాను. ఒడ్డున కట్టేసిన పడవలో, దాని చెయ్యి పట్టుకొని, ఇరవైరెండు దినాలు. పక్కన మనిషి ఉంటే వచ్చే ధైర్యం ఊతకర్ర లాంటిది. కర్ర తీస్తే కూలబడేదే. నిన్న అదే అనింది, "రేపు ఒక్కదాన్నే పోతా అత్తా" అని. నేను చెప్పలా. అదే చెప్పింది.

కాలవ అవతల వాళ్ళత్త, మొగుడి తల్లి, ఉగాది దాకా గడువు పెట్టిందని దానికి నేను చెప్పలేదు. ఉగాది లోపల కాలవ దాటి కాపరానికి రాకపోతే కొడుక్కి వేరే దారి చూసుకుంటాం అనిందే మహాతల్లి, ఆ మాట. దానికి తెలుసో లేదో! తెలిసే ఉంటాదిలే. ఊళ్ళో ఆడోళ్ళ నోళ్ళకి మూతలున్నాయా? తెలిసినా, గడువుకి భయపడి ఎక్కలా. దాని ఇంటికి అది పోవాలనుకొని ఎక్కింది.

అసలు దాని భయం ఎంతుండేది అన్నా? గోరంత. దానికి పదిహేనేళ్ళప్పుడు ఈ రేవులోనే కాలుజారి పడింది. ఈ పోలేరయ్యే జడ పట్టుకొని లాగినాడు. అప్పటినించీ పడవెక్కితే ఏడ్చేది. ఏడ్చుకుంటా ఎక్కేది, ఏడ్చుకుంటా దిగేది. ఎక్కేది గదా! రంగనాయకులికిచ్చి కాలవ అవతల చేసినాం. సరుగుడు తోట, ఇసక నేలలో చెనిక్కాయ, నెమ్మదైన పిల్లోడు. పుట్టింటికీ అత్తింటికీ నడుమ ఈ నీళ్ళు. కొత్తకోడలు ప్రతి తూరీ ఏడస్తా దిగితే నగుబాటు గదా అని మీసాలోళ్ళంతా తల్లడిల్లిపోయినారు.

దాని ఏడుపు దాన్ని ఏడవనిచ్చుంటే పోయేది.

ఎత్తినావు. ఆ పున్నమి నాడు సముద్రం కాడ, బియ్యం మూట ఎత్తినట్టు నడుముకి చెయ్యేసి ఎత్తినావు. "నాయనా, వద్దు నాయనా" అంటానే ఉండాది. విసిరినావు. అల తెచ్చి ఒడ్డున పడేస్తే మళ్ళీ ఎత్తినావు. పుణ్యానికి మూడు మునకలంట, భయానికీ మూడేనంట! ఆడోళ్ళు నవ్వినారు. వదిన గూడా నవ్వింది, పాపం, నువ్వు నవ్వుతుంటే నవ్వక ఏం చేస్తాది? మూడో తూరి అది అరవలేదు. "పోయింది చూడండి భయం" అని మీసం మీద ఉప్పునీళ్ళు తుడుచుకున్నావు.

భయం యాడ పోయింది? నోరు పోయింది. పదకొండు దినాలు పలకలేదు.

తర్వాత కాలవ సంగతి అటుండనీ, దొడ్లో బాయి కాడికి పోలేదు. నెత్తిన చెంబెడు నీళ్ళు పోసుకోలేదు, తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకునేది. చూరు నించి వాన కారితే చెవులు మూసుకొని గాదె వెనక దూరేది. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించినారు. వేపమండలతో కొట్టించినారు. ఏడాది పైన అందరి వైద్యాలూ అయినాక, ఇంక చచ్చినట్టే అనుకున్నాక, నాకు అప్పజెప్పినారు.

ఇదిగో... గెడ వేసినాడు. కదిలింది. ఊపిరి పీల్చుకో అన్నా, నువ్వు చస్తే అది మళ్ళీ మొదటికొస్తాది.

నేను కంచంలో నీళ్ళు పెట్టి మొదలుపెట్టిన దినం ఏమన్నావు? "మ్మే శేషమ్మా, కంచంలో సముద్రం పెట్టినావే!" అన్నావు. తిన్నె మీద కూర్చున్నోళ్ళంతా పొట్టలు పట్టుకొని నవ్వినారు. నవ్వండి నాయనా. నేను దాన్ని చెయ్యి పెట్టమన్లా. ఊరికే చూస్తా కూర్చోమన్నాను. గుండె దడదడలాడినా లేవగూడదు, దడ తగ్గినాకనే లేవాల. "తగ్గతాదా అత్తా?" అనింది. తగ్గక యాడికి పోతాది, గుండెకి మాత్రం అలుపుండదా అన్నాను. మొదటి దినం తగ్గేసరికి పొయ్యి మీద కూర మాడి బొగ్గయింది. మాడిన కూర తిని నన్ను తిట్టినావు. ఎందుకు మాడిందో చెప్పలా.

కంచం తర్వాత చెంబు. చెంబు తర్వాత తొట్టి. బాయి కాడ ఒక్కో అడుగుకి ఒక్కో వారం పట్టింది. ఏ అడుగు ఎప్పుడెయ్యాలో అదే చెప్పాల, నేను చెప్పగూడదు. అంత నోరున్న దాన్ని, నోరు మూసుకొని కూర్చోవడం నాకే పెద్ద వైద్యమయింది! కార్తీకంలో కాలవ పొంగిందని ఎవరో అంటే మళ్ళీ కంచం కాడికి వచ్చి కూర్చుంది. సరే, కంచమే. కంచం ఏమన్నా తరిగిపోతాదా?

నాట్లప్పుడు మడిలోకి దిగింది చూడు, అది నువ్వు చూడాల్సింది. చీలమండల దాకా నీళ్ళు. నాట్లేసే ఆడోళ్ళు పాట ఆపి చూసినారు. మస్తానమ్మ ఊరుకుంటాదా, "ఏం పెంచలా, చేపలు కరస్తాయని భయమా?" అనింది. ఇదేమందో తెలుసా? "కరస్తే పట్టుకొచ్చి నీకే పులుసు పెడతాలే పెద్దమ్మా" అనింది. రెండేళ్ళ తర్వాత దాని నోట ఎగతాళి మాట! నేను గట్టు మీద కూర్చొని ఏడ్చినా. ఎండకి కళ్ళు మండినాయని చెప్పినాలే అందరికీ.

ఆపినాడు.

ఆఁ, నేనే ఆపమన్నాను, నడికాలవలో. అరవబాక! గబగబా దాటించేస్తే ఏమనుకుంటాది? ఒడ్డు చేరినందుకు బతికినా అనుకుంటాది. మళ్ళీ ఎక్కాలంటే మళ్ళీ చావాల. నీళ్ళ నడుమనే దడ తగ్గాల. అప్పుడు గదా ఆ నీళ్ళు వొట్టి నీళ్ళని ఒంటికి తెలిసేది! పోలేరయ్యకి ఒక్కటే చెప్పినా. అది తిప్పమంటే తిప్పు, ఒక్క మాట చాలు, ఎందుకని అడగబాక. ఒడ్డున మేం గుండెలు బాదుకున్నా తిప్పబాక. ఆ సముద్రం కాడ అదొక్కటే లేకపోయింది గదా, దాని మాట వినే మనిషి.

వణకతా ఉండాది. కనపడతా ఉండాది నాకూ. నా కళ్ళేం పోలా.

అయ్యో... ఆ తెరచాప ఏంది? ఉప్పు పడవ! కృష్ణపట్నం తట్టు నించి వస్తా ఉండాది. ఇప్పుడే రావాల్నా వాళ్ళకి? ఇంకో గంట ఉప్పు లేకపోతే ఎవరి కూడు చప్పబడతాదంట!

లేవబాక. లేవబాక అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. వాళ్ళ పడవ పోతే అల వస్తాది, ఇది ఊగతాది. ఊగనీ. కాలవన్నాక పడవలు రావా? ఇయ్యాల మనం ఆపితే రేపు ఎవరాపతారు?

ఊగింది.

అరిచింది... అరవనీ! అది భయపడి అరిచిన అరుపు, తిప్పమన్న మాట గాదు. పోలేరయ్య దాని మొహమే చూస్తా ఉండాడు. తిప్పమన్లా. విన్నావా? "తిప్పు" అన్లా. నా చెయ్యి వదులు... నువ్వు పట్టుకుంటివా, నేను పట్టుకుంటినా? సరే, ఉండనీ.

పోయింది ఉప్పు పడవ. ఇంక కూర్చోవడమే. ఎంతసేపా? నాకేం తెలుసు. తగ్గిందాకా.

ఏంది? మెల్లగా అంటావేం, గట్టిగానే అను. "నువ్వు చదివి చెప్పిందే గదా నేను చేసింది" అంటావు. ఆఁ, చదివినా. మూడేళ్ళలో ఈ మాట ఇప్పుడన్నావు, నలుగురిలో ఒక్కనాడూ అన్లేదు. మొగుడు పోయి నీ పంచన చేరినదాన్ని, మౌలా అంగడి పొట్లం కాగితాలు కూడబలుక్కొని చదువు నేర్చినదాన్ని. ఆ మాఘ పున్నమికి ముందర గ్రంథాలయం నించి వారపత్రిక తెచ్చి తిన్నె మీద పెద్దగా చదివినాను. ఎవరో డాక్టరు రాసినాడు. భయపడే మనిషి తప్పించుకు తిరిగే కొద్దీ భయం బలుస్తాది, దేనికి భయమో దానికి ఎదురుపడితేనే పోతాది అని. కింద "మిగతా వచ్చే వారం" అని వేసినారు. పెంచలమ్మకి ఇదే మందు, సముద్రానికి ఎదురు నిలబెట్టండి అన్నాను. నేనే.

మిగతా సగంలో ఉండాది అసలు సంగతి. కొంచెం కొంచెంగా, ఆ మనిషి ఒప్పుకున్న మేరకే, మెట్టు మెట్టుగా. బలవంతాన తోస్తే పుండు మీద కారం కొట్టినట్టే అని. ఆ పత్రిక పున్నమి దాటినాక చేతికొచ్చిందని చెప్పినాను గదా నీకు. కంచం, చెంబు, అన్నీ అందులోంచి తీసినవే.

ఉష్! చూడు. బల్ల మీది నించి ఒక చెయ్యి తీసింది.

తీసి చెంగుతో మొహం తుడుచుకుంది. రెండో చెయ్యి... తీసింది. ఒళ్ళో పెట్టుకుంది. భుజాలు దిగినాయి చూసినావా? ఇందాక చెవుల కాడ ఉండినాయి భుజాలు. పోలేరయ్యతో ఏదో అంటా ఉండాది. తిప్పమనిందా? దేవుడా, తిప్పమనిందా? గెడ ఎటు వేస్తాడో... అటే! అవతలికే!

అనిందన్నా. పొమ్మనింది.

రంగనాయకులు అవతలి ఒడ్డుకి పరిగెత్తుకొచ్చినాడు. చెయ్యి ఇయ్యబాకని చెప్పి పంపినా. ఇయ్యలేదు, చేతులు వెనక కట్టుకొని నిలబడినాడు, బడిపిల్లోడి మాదిరి. దిగింది. అదే దిగింది! వంగి ఏం చేస్తా ఉండాది? కాళ్ళు కడుక్కుంటా ఉండాది. కాలవ నీళ్ళతో, దోసిట తీసుకొని... ఇంటికి పోయే ఆడది కాళ్ళు కడుక్కున్నట్టు కడుక్కుంటా ఉండాది. మన తట్టు తిరిగి చూడను గూడా లేదు, కొవ్వు!

ఏడవబాక. మీసం తడుస్తాది.

ఎక్కడికి? పడవ వెనక్కొస్తే నువ్వూ పోతావా? పోయి దాని కాళ్ళ మీద పడి తప్పయిందంటావా? కన్నతండ్రివి కూతురి కాళ్ళ మీద పడతావా?

ఉండన్నా. ఒక్క నిమిషం కూర్చో. ఇప్పుడు కండవా పట్టుకోలేదు చూడు, ఊరికే అడగతా ఉండా.

ఆ రెండో సగం పున్నమి దాటినాక రాలేదు. ముందే వచ్చింది. చదివినా. దీపం దగ్గరికి జరుపుకొని రెండు తూర్లు చదివినా.

చెప్పలేదు. ఎట్టా చెప్పేది? ఆడదానికి పొత్తకమేంది అని నా పొట్లం కాగితాలు పొయ్యిలో పెట్టినోడివి నువ్వు. అట్టాంటిది ఆ వారం తిన్నె మీద నలుగురి ముందర "మా శేషమ్మ చదివింది, పత్రికలో అట్టానే ఉండాదంట" అంటివి. నా మాట ఒకరు ఎత్తి చెప్పడం పుట్టినాక అదే మొదలు. నాలుగు దినాలు, పొద్దుగూకినప్పుడల్లా చెప్దామని గడప దాకా వచ్చినా. నువ్వు నా పేరే చెప్తా ఉంటివి. విని, వెనక్కి పోయినా.

సముద్రం కాడ నేనూ ఉండా గదా. నువ్వు మొదటి తూరి ఎత్తినప్పుడు నోరు తెరిచినా. ఎవరూ మూయించలా. నేనే మూసుకున్నా. తర్వాత మూడేళ్ళూ తెరిచిన నోరు మూయకుండా నిన్ను తిట్టినా.

అట్టా చూడబాక. అబద్ధమనుకుంటే గ్రంథాలయానికి పో. ఏ పత్రిక ఎవరు ఇంటికి తీసకపోయిందీ హజరత్తయ్య రిజిస్టరులో రాసిపెడతాడు. అడిగితే చూపిస్తాడు. ఆ రెండో సగం ఉన్న పత్రిక పేరు, దాని పక్కన నా సంతకం, వంకర టింకరగా, వెంకటశేషమ్మ అని. పున్నమి ముప్పై ఒకటో తేదీ, మంగళవారం. నా సంతకం కింద తేదీ 1961 జనవరి 27, శుక్రవారం.