చల్లటి ఇంజనూ, మాలకొండయ్య మీద పడ్డ దొంగతనమూ

మాలకొండయ్యని దొంగన్నాడంట, వినండి. ఎవరూ? ఆసామి చెంచురామయ్య. ఎక్కడా? పాలకేంద్రం కాడ, పొద్దున్నే ఊరంతా క్యాన్లు పట్టుకుని నిలబడుంటే. మండదా మరి కడుపు? అసలేమైందంటే, చెంచురామయ్య బావి మీదకి కొత్తగా ఆయిలింజను కొన్నాడు. నడిపేది మాలకొండయ్య. ఇంజను మరీ కాగిపోకుండా పంపు నీళ్లలోంచే ఓ సన్న గొట్టం దాంట్లోకి పోద్ది, దానికో కుళాయుంటది, చూశారుగా. ఆ నీళ్లు ఇంజను చుట్టూ తిరిగి అవతల పడతయ్. చెంచురామయ్యకి ఇంజనంటే ప్రాణమనుకో. చెయ్యేస్తే చురుక్కుమంటే ఓర్చుకోలేడు. కాలిపోతంది, కుళాయి మొత్తం తిప్పరా అన్నాడంట. ఆసామి చెప్పాక కాదంటాడా? తిప్పాడు. బావినీళ్లు ఎంత చల్లగా లోపలికి పోతే అంత చల్లగానే బయట పడేవంట.

ఇంక చూడు, పొలం అదే, తడి అదే, డీజిలు మాత్రం ముందే అయిపోతంది. ఇంజన్లో పోసే ఆయిలు దించితే, అదీ పల్చబడి డీజిలు కంపు కొడతంది. డీజిలు అమ్ముకోటం చాలక, ఆయిలు గూడా తీసుకుని డీజిలు కలుపుతన్నావా అని పాలకేంద్రం కాడ కేకలేశాడు. "లేదయ్యా, పిల్లల మీద ఒట్టు" అని ఏడ్చాడంట మాలకొండయ్య. విన్నాడా? పుల్లతో కొలిస్తే ఆయిలు పోసినదానికన్నా ఎక్కువే ఉందంట. దొంగ ఎక్కడన్నా ఎత్తుకుపోతాడుగానీ పోసిపోతాడా? అంతమందిలో ఒక్కరికీ అడగబుద్ది కాలేదు.

మాలకొండయ్యని పన్లోంచి తీసేసి, డీజిలు ఇంట్లో పెట్టి తాళమేసి, తానే కూర్చుని నడిపాడు. అయినా అంతే. అప్పుడు టవును నుంచి మెకానిక్కుని పిలిపించాడు. ఆయన బయట పడే నీళ్ల కింద చెయ్యి పెట్టి, "ఏందయ్యా, ఇంత చల్లగున్నయ్? ఇంజను కాగితేనే డీజిలు సరిగ్గా మండుద్ది. మండని డీజిలు కిందకి దిగి ఆయిల్లో కలుస్తంది. నీళ్లు చెయ్యి ఓర్చుకునేంత వేడిగా రావాల" అని కుళాయి సగానికి పైగా కట్టేశాడు. అంతే, డీజిలు ఖర్చు తగ్గింది.

ఆ సాయంత్రం చెంచురామయ్య మాలకొండయ్య గుమ్మంలోకొచ్చి, ఏదో అనుకున్నాన్లేరా, రేపట్నుంచి పన్లోకి రా అన్నాడంట. లోపల్నించి నాసరమ్మ, మాలకొండయ్య పెళ్లాం, బయటికొచ్చింది. "దొంగన్న మాట పాలకేంద్రం కాడ అన్నావు గదయ్యా. కాదన్న మాట గూడా అక్కడే అను. పొద్దున్నే వస్తాం" అంది.

పొద్దున్నే మొగుడూ పెళ్లాం పోయి నిలబడ్డారు. చెంచురామయ్య పాలైతే వచ్చినయ్, ఎవరి చేతో పంపించాడు. ఆయన మాత్రం రాలేదంట. ఇంజనుకేమైందో కనుక్కోటానికి టవునుదాకా కబురు పంపినోడు, మనిషి దొంగ కాదని చెప్పటానికి నాలుగడుగులు నడవలేకపోయాడు. మాలకొండయ్య మళ్లీ ఆ బావి కాడికి పోలేదు. నేనైనా పోను.