మబ్బు బరువు దించిన మరిది

మరిది నోరు విప్పితే వదిన సగం తీసేసి వింటుంది. ఆ సాయంత్రం మాత్రం ఏ సగం తీసేయాలో తేలక, గుమ్మంలో కూర్చుని గుండీ కుడుతూ ఓ చెవి అటు పడేసింది.

అతని కోతలకి వీధిలో అతన్ని పటాసు అంటారు. మంగలి, ఎలక్ట్రీషియన్ టీ గ్లాసులతో మెట్ల మీద చేరారు.

"వదిన కంప్యూటర్ నా చేతికిచ్చింది. క్లౌడ్‌లో, అదే ఆ పైన మబ్బులో, ఫైళ్లు దాచుకునే చోటు నిండిపోయి గీత ఎర్రబడిందట. ఓస్ ఇంతేనా అని డ్యాష్‌బోర్డు తెరిచా. ఒక ఫోల్డరు తెరిస్తే అందులో ఇంకోటి, అందులో ఇంకోటి, ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుచుకుంటూ పోయా, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దారి తప్పావు," అన్నాడు మంగలి.

"నేనా! అట్టడుగున కంపెనీవాళ్లే మరిచిపోయిన గదులు కనిపించాయి. వాటి తాళాలూ తీశా. ఇక మన పాప బొమ్మల ఫోల్డరుందే, అదే అసలు బరువు. ఫోన్లో ఒకటి, పైన ఒకటి, ఒకే సరుకు రెండు చోట్ల దేనికి? ఒక్క నొక్కు. పైది హుష్‌కాకి!"

సూది వదిన వేలిలో దిగింది. పైన తీసేస్తే ఫోన్లోనూ పోతుందని కూతురు ఎన్నిసార్లు చెప్పిందో. ఏళ్ల తరబడి గీసిన బొమ్మలు. పొద్దున్నే ఉద్యోగానికి చూపించాల్సినవి. పిల్ల లోపల బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. కంప్యూటర్ ఇతని చేతిలో పెట్టింది తనే, పిల్లకి చెప్పకుండా.

"చెత్తబుట్టలో ఉంటాయిగా?" అంది.

"సగం పనులు చేసేవాడినా వదినా? బుట్ట కూడా బోర్లించి దులిపేశా! ఎర్రగీత కాస్తా నీలమైంది. అంత బరువు ఒక్కసారిగా దిగేసరికి, వాళ్ల మిషన్లున్న భవనం జానెడు పైకి లేచింది. పెద్దాఫీసరు ఫోన్! అయ్యా, కంపెనీ మీరే నడపండి అంటాడు. మా వదిన ఒప్పుకోదు అన్నా. ఇక ఆ మబ్బుందే, తేలికై ఎంత పైకి పోయిందంటే, సూర్యుడికి తగిలి అంచు మాడింది. ఇందాక చీకటి కమ్మింది చూళ్లేదూ?"

"పొద్దు గుంకింది బాబూ," అన్నాడు ఎలక్ట్రీషియన్.

ఆమె లేచి వెళ్లి కంప్యూటర్ తెచ్చి తెరిచింది. బొమ్మల ఫోల్డరు లేదు. కానీ గీత... ఎర్రగానే ఉంది. బుట్టలో పడేసింది కూడా చోటు తింటుందమ్మా, అని కూతురే అంది ఓసారి.

కంప్యూటర్ మరిది ఒళ్లో పెట్టింది.

"ఆ బుట్ట ఎక్కడుందో చూపించు."

బాణం గుర్తు తెరంతా తిరిగింది. చివరికి పళ్లచక్రం మీద ఆగింది.

"అది సెట్టింగులు," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఇందాక ఇక్కడే ఉండేది. మార్చేశారు, దొంగ వెధవలు!"

ఆమె చెయ్యి చాచి ఎడమవైపు అట్టడుగున నొక్కింది. బొమ్మలన్నీ బుట్టలో ఉన్నాయి. అన్నిటినీ వెనక్కి పంపింది. ఫోల్డరు దాని చోటికి వచ్చింది.

"చూశావా వదినా, కావాలనే దాచి ఉంచా!"

"ఊఁ. నువ్వు చెప్పింది నిజమై ఉంటే ఇవాళ మా కొంప మునిగేది. ఆ అబద్ధానికి ఇంకో టీ ఇస్తాను," అంటూ కంప్యూటర్ చంకన పెట్టుకుంది. "లోపలికి మాత్రం రాకు. బయటికే తెస్తా."