తాళంలేని గుంపులో తాళం పడిన పదకొండు ఇళ్లు

1988 అక్టోబరు 17, సోమవారం ఉదయం, శ్రీమతి విశ్రాంతమ్మ గారు మన గణాంక కార్యాలయంలో క్షేత్ర పరిశీలకురాలిగా విధుల్లో చేరారు. ముప్ఫై ఆరు సంవత్సరాల ఎనిమిది నెలల నిర్విరామ సేవానంతరం, 2025 జూన్ 30 సాయంత్రం ఐదు గంటలకు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సందర్భంగా వెలువడుతున్న సంచికకు వ్యాసం రాయమని కమిటీవారు నన్ను ఆదేశించి, అందులో ‘మచ్చలేని సేవ’ అన్న మాట తప్పక ఉండాలని కూడా సూచించారు. ఆ మాట దగ్గరే పది రోజులుగా నా కలం ఆగిపోయింది. వారి సర్వీసు రిజిస్టరులో ఒక మచ్చ ఉందని మీ అందరికీ తెలుసు. అది ఎవరు చేసిన మచ్చో వారికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

పాల్వంచ థర్మల్ కేంద్రంలో షిఫ్టు ఉద్యోగి అయిన కీర్తిశేషులు డేవిడ్ గారి సహధర్మచారిణిగా కంపెనీ క్వార్టర్లలో కాపురముంటూ, తొలి పన్నెండేళ్లూ వారు దుమ్ముగూడెం, చర్ల మండలాల్లోనే పనిచేశారు. కుమార్తె స్తుతిని ఇరుగుపొరుగు చేతుల్లో పెట్టి తొలి బస్సుకు బయలుదేరేవారు. ఊరూరా తిరుగుతూనే కోయభాష నేర్చుకున్నారు. ఏ ఇంటికి వెళ్లినా ముందు మంచినీళ్లు అడిగి తాగందే పత్రం తెరవకపోవడం వారి పద్ధతి. ఆ నీరు ఎంత దూరం నుంచి, ఎవరి నెత్తి మీద వచ్చిందో చెంబు చూస్తేనే తెలుస్తుందని వారి నమ్మకం. మేడమ్ కడుపులో గోదావరి ఉపనదులన్నీ ఉన్నాయని మేము వెనకాల నవ్వుకునేవాళ్లం.

అనంతరం ఖమ్మం కార్యాలయంలో ఉప గణాంకాధికారిణిగా పదోన్నతి పొందిన నాటినుంచి వారికి ‘జిల్లా సగటు’ అన్న మాటతో పగ మొదలైంది. కాలువ కింద రెండు పంటలు పండే మధిర, సత్తుపల్లి ప్రాంతాలనూ, వానొస్తే దారి తెగిపోయే అడవి గుంపులనూ ఒకే గంపలో కలిపి, జిల్లా అంతా బాగుందని రాయడం వారికి గిట్టేది కాదు. “మధిరోళ్లు తిన్న బువ్వకు చర్లోళ్ల కడుపు నిండుతదా?” అని సమావేశంలో పెద్ద అధికారి ముఖం మీదే అడిగిన మనిషి వారు.

ఇక చెప్పవలసినది చెబుతాను. అది 2015 ఆగస్టు. నేను ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఆరోగ్య, విద్యా సర్వేలో చర్ల మండలంలోని వాగు అవతలి గుంపు, అంటే అడవిలోని చిన్న పల్లె, నా వంతుకు వచ్చింది. మూడుసార్లు వెళ్లినా ఇంటివారు దొరకకపోతే ‘తాళం’ అని రాసి మరో ఇంటిని తీసుకోవచ్చన్నది నిబంధన. నేను వెళ్లింది ఒక్కసారి, అదీ వాగు ఒడ్డు వరకే. నీళ్లు చూసి వెనక్కి తిరిగాను. ఇవతలి హోటల్లో టీ తాగుతూ, అవతలి పదకొండు ఇళ్లకూ తాళం వేసినట్టు రాసి, రోడ్డు పక్కనున్న టీచరు ఇల్లు, కాంపౌండరు ఇల్లు, దుకాణదారుల ఇళ్లు వాటి బదులు రాసుకొచ్చాను.

ఫలితంగా మా పట్టికలో చర్ల ఇంచుమించు సత్తుపల్లి సరసన నిలిచింది. కాన్పులన్నీ దవాఖానాలోనే జరుగుతున్నాయని తేలింది. నెలలు నిండిన అడవి ఆడవాళ్లు ముందే వచ్చి కాన్పు దాకా తలదాచుకునే వసతి గది ఒకటి చర్లలో ఉండేది. ఆ అంకెలు చూసిన పైవారు ఇక అది అనవసరమని తేల్చి, సోమవారం నివేదిక అందగానే మూసివేత ఉత్తర్వు సిద్ధం చేయాలనుకున్నారు. గురువారం మధ్యాహ్నం విశ్రాంతమ్మ గారు నా పత్రాలు తెరిచారు.

“ఏంది బాబూరావు, గీ గుంపుల పదకొండు ఇండ్లకు తాళాలా?”

“అవ్ మేడమ్. అందరు పోడుకు పోయిండ్రట.”

“ఇరవై ఏడేండ్ల సంది తిరుగుతున్న. గాడ తలుపుకు తడక అడ్డం పెట్టి పోతరు. తాళంకప్ప ఉన్న ఇల్లు ఒక్కటి చూపెట్టు, నేను నౌకరి ఇడిసిపెడత.”

నేను పత్రాలు వెనక్కి తీసుకోబోయాను. “నువ్వు వాగే దాటలే” అన్నారు వారు, పత్రాలు మూసేస్తూ.

మరునాడు ఉదయం ఇద్దరం చర్లలో బస్సు దిగాం. వానలో అడవిలోకి ఎందుకని పోలీసు క్యాంపు దగ్గర ఆపి, మా పేర్లతోపాటు ఎప్పుడు తిరిగివస్తామో కూడా రాసుకున్నారు. నడుములోతు వాగులో, యాభై ఒక్క ఏళ్ల వయసులో, పత్రాల మూటను నెత్తిన పెట్టుకుని వారు ముందు నడిచారు. నేను వారి కొంగు పట్టుకుని దాటాను. పోడు చేలలో చెదిరి ఉన్న గుడిసెలను వెతకడానికే రెండు రోజులు పట్టింది. చివరిది ముత్తక్క, దూలయ్య దంపతులది. చిన్నకోడలు పుష్పలత నిండు గర్భిణి. ముత్తక్క మేడమ్‌కు నీళ్లిచ్చి, నా వైపు తిరిగింది.

“చర్లల గది తీసేస్తరట గదా సారూ? వాగొస్తే ఏడికి పోవాలె? పోయినేడు పెద్దకోడలికి నొప్పులొస్తే మంచం మీద మోసుకపోయిండ్రు. ఒడ్డు కాడనే పానం పోయింది. కడుపుల బిడ్డ సుత దక్కలే.”

ఆ చనిపోయిన తల్లి ఇల్లు నా పత్రంలో తాళం వేసి ఉంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆదివారం మధ్యాహ్నానికి వాగు పొంగింది. తెల్లవారితే పాత నివేదిక మీద సంతకం పడిపోతుంది. పుష్పలతకు నడుము నొప్పి మొదలైంది. నీరు కాస్త తగ్గేదాకా ఒడ్డున మూడు గంటలు నిలబడ్డాం. చివరికి దూలయ్య వెదురుగడతో లోతు చూస్తూ ముందు నడవగా, పుష్పలతను పడుకోబెట్టిన మంచాన్ని మేడమ్, నేను, గుంపులోని ఇద్దరు కుర్రవాళ్లు, నలుగురం భుజాలకెత్తుకున్నాం. మధ్యలో నా కాలు జారింది. “మంచం ఇడువకు!” అన్న మేడమ్ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మంచం వదల్లేదు. రెండు రోజులకు ఆ వసతి గది నుంచే దవాఖానాకు వెళ్లి పుష్పలత ఆడపిల్లను కన్నది.

సోమవారం సవరించిన నివేదిక వెళ్లింది, గది నిలిచింది. కానీ తప్పుడు పత్రాలు ఎవరివన్న ప్రశ్న వచ్చింది. నేను ఒప్పుకుంటానన్నాను. వారు నన్ను మెట్ల దగ్గరకు పిలిచి కోపంగా అన్నారు: “ఊకో. నువ్వు చెప్తే నౌకరి పోతది. గా భయంతోని రేపు ఒక్క పిల్లగాడు సుత నిజం చెప్పడు. ఏటేటా గా వాగు దాటు, గదే నీ శిక్ష. నేను ఈ కుర్చీల ఉన్నన్ని రోజులు నోరిప్పకు.” సంజాయిషీలో తమ పర్యవేక్షణలోనే పొరపాటు జరిగిందని రాసి సంతకం చేశారు. వారి పదోన్నతి ఆగిపోయింది. వారి చేతికింద పని నేర్చినవాళ్లు అధికారులై వారి సెలవు చీటీల మీద సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను.

చిరంజీవి స్తుతీ, “అంత అనుభవముండి ఎట్ల పొరపడ్డవమ్మా?” అని నువ్వు మీ అమ్మగారిని ఒకనాడు మా అందరి ముందూ అడిగావు. వారు నవ్వి ఊరుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. మీ అమ్మగారు పొరపడలేదు తల్లీ. పొరపడింది, అబద్ధం రాసింది, పదేళ్లు దాచింది నేను. ఇదే సంగతి లిఖితపూర్వకంగా రాసి, పైఅధికారులకు ఇవ్వడానికి జేబులో పెట్టుకున్నాను. నాకు ఏ శిక్ష వచ్చినా అది ఆలస్యంగా వచ్చిందే.

మేడమ్, మీరు ఆగ్రహిస్తారని తెలుసు. అయితే మాట తప్పలేదు. సాయంత్రం ఐదు దాటాక, మీరు ఆ కుర్చీలోంచి లేచాకే ఈ సంచిక అందరి చేతికీ వస్తుంది. పుష్పలత కూతురు అయిదో తరగతికి వచ్చింది. మొన్న పదోసారి వాగు దాటినప్పుడు ముత్తక్క నాకు నీళ్లిచ్చి, “అమ్మను పైలంగ ఉండుమను, ఒకసారి వచ్చిపొమ్మను” అని చెప్పి పంపింది. ఆ పిలుపు అందుకుని నడిచి వెళ్లగలిగే ఆరోగ్యంతో, మనవల పెళ్లిళ్లు చూసే నిండు ఆయుష్షుతో మీరు వర్ధిల్లాలని ప్రభువును వేడుకుంటున్నాను. ఇక కమిటీవారు కోరిన మాట నిస్సంకోచంగా రాస్తున్నాను: మీది మచ్చలేని సేవ. ఆ మచ్చ నాది.

– బాబూరావు, గణాంకాధికారి